మూడో భాగం ఏ దేశంలో దొరుకుతుంది

నా కోపం సంగతి మార్కాపురంలో సగం మందికి తెలుసు. బస్టాండు సందులో నాకొక ఆన్‌లైన్ సెంటరు ఉంది. పాన్ కార్డులు, హాల్ టికెట్లు, పింఛను కాగితాలు, పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే పని. పాస్‌వర్డు మరిచిపోయి వచ్చిన ప్రతి మనిషీ నా చేత నాలుగు మాటలు పడే ఉంటాడు. "అమూల్య దగ్గర పని అవుతుంది గానీ ముందు అక్షింతలు పడతాయి" అంటారట. అననీ. పని అవుతుంది కదా.

రాహేలు పెద్దమ్మ వచ్చిన రోజు కూడా నేను ఆ తీరులోనే ఉన్నాను. ఫిబ్రవరి నెల. కరెంటు వస్తూ పోతూ ఉంది. ఆమె గుడ్డ సంచిలోంచి ఒక టాబ్లెట్, అట్ట ఊడిన నోటు పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టింది.

"అమ్మాయ్, మీ పెదనాయన చదివే పుస్తకం మూడో భాగం కావాల. దీంట్లో ఎక్కించి పెట్టు."

"పాస్‌వర్డు తెలుసా పెద్దమ్మా?"

"నోటు బుక్కు ఆఖరు పేజీలో ఉండాది. నీ దగ్గరికి పోతే ముందు అదే అడుగుతావని రాసి పెట్టినాడులే."

పెదనాయన అంటే ఆమె భర్త వరప్రసాదం గారు. వాళ్ళు మాకు చుట్టాలు కారు. మా నాయన చింతపండు దుకాణంలో ముప్పై ఏళ్ళుగా వాడుక, అంతే. ఆయన పలకల ఫ్యాక్టరీలో గుమాస్తా. మన రాతిపలకలు కొనే విదేశాల వాళ్ళకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాసి, ఏ దేశంలో ఏ రేటు నడుస్తోందో కనుక్కోవడం ఆయన ఉద్యోగం. పెద్దమ్మ అదే ఫ్యాక్టరీలో పలకలు నున్నగా రుద్దే పని చేసింది. మొన్న నవంబరులో ఆయన పోయాడు.

వాళ్ళింట్లో ఒక అలవాటు ఉండేదట. సాయంత్రం ప్రార్థన చేసుకుని, బైబిలు మూసి పక్కన పెట్టాక, ఆయన ఒక అరగంట కథల పుస్తకం చదివేవాడు. పుస్తకం ఇంగ్లీషు. ఆయన కళ్ళతో ఇంగ్లీషు చూస్తూ నోటితో తెలుగు చెప్పేవాడు. పెద్దమ్మకు తెలుగు చదువే అంతంత మాత్రం, ఇంగ్లీషు అసలు రాదు.

"ఏం కథ పెద్దమ్మా అది?"

"ఒక దీవి. చుట్టూరా సముద్రం. ఆడ లైట్‌హౌస్ కాడ కాపలా ఉండే మనిషికి ఒక కూతురు, ఎల్లెన్ అని. ఆరేండ్ల పిల్ల. మొదటి భాగంలో దానికి జ్వరం వచ్చింది. మా బిడ్డ ఫెబీకి వచ్చినట్టే వచ్చింది, అదే ఈడు. మా ఫెబీ పోయింది గానీ ఆ పిల్లకు తగ్గింది. దేవుడు చల్లగా చూసినాడు." ఆమె కొంగుతో టాబ్లెట్ అద్దం తుడిచింది. "రెండో భాగంలో బడికి పోయింది. మన మార్కాపురం పలక మీదనే రాసుకుంటాది, తెలుసా? ఆ దీవికి గూడా పోయినాయంట మన పలకలు. ఇప్పుడు దానికి పందొమ్మిదేండ్లు. పెండ్లి మాట ఎత్తినారు. ఆడికి రెండో భాగం అయిపోయింది."

"చదివేదెవరు?"

"నువ్వే. నీకు ఇంగ్లీషు వచ్చు గదా. సాయంత్రం ఇంటికి పోతా పోతా ఒక అరగంట కూర్చో. ఆ పిల్ల ఒక ఇంటిది అయిందో లేదో తెలుసుకుంటే చాలు నాకు. నడిబజార్లో దాన్ని వదిలేసి వచ్చినట్టుండాది."

నాకేం పనీ పాటా లేదనుకుంటున్నావా అని నోటి దాకా వచ్చింది. ఎందుకో అనలేదు.

టాబ్లెట్‌లో పుస్తకాలమ్మే ఆన్‌లైన్ దుకాణం, ముందు ఇండియాది తెరిచాను. మొదటి భాగం ఉంది, రెండో భాగం ఉంది. మూడో దాని కింద "మీ దేశంలో అమ్మకానికి లేదు" అని ఉంది. నాకు పౌరుషం వచ్చింది. మా ఇంట్లో నాలుగు అంగళ్ళు అడగందే కొత్తిమీర కట్ట కూడా కొనం. బ్రిటన్ దుకాణం తెరిచాను, ఉంది, మన డబ్బుల్లో తొమ్మిది వందల పైచిలుకు. అమెరికా దుకాణంలో పదకొండు వందలు. ఆస్ట్రేలియాలో ఎనిమిది వందలు. కెనడాలో ఇంకోటి. బరువు లేదు, లారీ కిరాయి లేదు, గోతాల్లో పోసి ఉంచితే తరుగు పోయేది లేదు. గాలిలో నుంచి దిగే పుస్తకానికి దేశానికొక రేటు ఏమిటో నాకు అర్థం కాలేదు.

"పలకలకూ అంతేనమ్మా," అంది పెద్దమ్మ. "ఒకటే రాయి. ఓడ ఎక్కితే ఒక రేటు, రైలెక్కితే ఒక రేటు."

"ఇది ఓడా ఎక్కదు, రైలూ ఎక్కదు పెద్దమ్మా. ఏ దేశంలో ఎవరు అమ్ముకోవాలో వాళ్ళలో వాళ్ళు ముందే పంచుకుంటారట. మన వాటా ఎవరికీ పట్టినట్టు లేదు."

"మీ పెదనాయన గూడా అన్ని దేశాలూ చూసినాడు. బుక్కులో రాసినాడు చూడు."

చూశాను. గుమాస్తా చేతిరాత, ముత్యాల్లా ఉంది. నెలనెలా దేశం పేరు, పక్కన మూడో భాగం ధర. పోయిన మే నెలలో ఒక వరుస చూసి నా కళ్ళు పెద్దవయ్యాయి. మన దేశపు దుకాణంలోనే మూడు రోజుల పాటు తొంభై తొమ్మిది రూపాయలకు పెట్టి, తరవాత తీసేశారు. దాని పక్కన ఆయన ఒకే మాట రాశాడు: వద్దు.

"ఇదేంది పెద్దమ్మా, తొంభై తొమ్మిదికి చేతికి వస్తే వద్దంటాడా?"

"నేను ఎప్పుడు అడిగినా 'ఇంకా రేటు దిగలేదు రాహేలూ' అనేవాడు. రెండో భాగమే మళ్ళీ చదివించుకున్నా."

పోయిన మనిషిని అనకూడదు గానీ, ఎంత పిసినారి అనుకున్నాను. ఆ రోజు ఆయన వంద రూపాయలు విదిలించి ఉంటే నాకీ తిప్పలు ఉండేవి కావు.

బ్రిటన్ దుకాణం ఆ దేశపు చిరునామా అడిగింది, ఆ దేశపు కార్డు అడిగింది. నా కార్డును పొమ్మంది. సరే, పెదనాయన ఖాతాకే దేశం మారుద్దామని నొక్కబోతే ఒక హెచ్చరిక వచ్చింది. దేశం మారితే పాత పుస్తకాలు, వాటిలో రాసుకున్న గుర్తులు ఇక కనబడకపోవచ్చునట. గుర్తులేమిటా అని రెండో భాగం తెరిచి ఒక పసుపు గీత మీద వేలు పెట్టాను. తెలుగులో ఉంది: "రాహేలు నిద్రపోయింది. రేపు మళ్ళీ ఇక్కడి నుంచే."

నవ్వుకుంటూ బయటికి చదివాను. పెద్దమ్మ ముఖం కొంచెం ఎర్రబడింది.

"నిద్రేం పోలేదు. కండ్లు మూసుకొని విన్నా, అంతే." టాబ్లెట్ వైపు వంగి, "ఇట్లాటివి ఇంకా ఉండాయా?" అంది.

"చాలా ఉన్నట్టున్నాయి."

"అయితే ఆ మీట నొక్కబాక అమ్మా. మూడో భాగం లేకపోయినా సరే. ఆయన రాసినవి పోగొట్టబాక."

నేను చెయ్యి తీసేశాను.

తరవాత మూడు రోజులు గిరాకీ లేనప్పుడల్లా దేశాల మీద పడ్డాను. సింగపూరు, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్. ఒక చోట రేటు బాగుంటే కార్డు తీసుకోదు, కార్డు తీసుకునే చోట పుస్తకం లేదు. మా నాయన వచ్చి వెనక నిలబడి చూసి, "ఇన్ని అంగళ్ళు నేను చింతపండుకు గూడా తిరగలేదు" అన్నాడు. గురువారం నాడు ఐర్లాండులో ఒక చిన్న దుకాణం కనబడింది. ఆ పుస్తకం అచ్చు వేసిన వాళ్ళదే. నీది ఏ దేశం, ఏ ఊరు అని ఒక్క ప్రశ్న లేదు. నాలుగు వందల అరవై రూపాయలు. నా కార్డు కిక్కురుమనకుండా పని చేసింది. పాత ఖాతా జోలికి పోకుండా పుస్తకం మెయిలుకు వచ్చింది. అంత సంతోషం నాకు మా సెంటరు తెరిచిన రోజున కూడా లేదు.

ఫోను చేస్తే పెద్దమ్మ గంటలో ఆటో దిగింది, చేతిలో పల్లీలు, బెల్లం కలిపి చుట్టిన చెనక్కాయ ఉంటల డబ్బాతో. ఎదురుగా కుర్చీలో కూర్చుంది. నేను హుషారుగా పుస్తకం తెరిచి, ముందు ఆ పిల్ల ఎక్కడుందో చూద్దామని ఎల్లెన్ పేరు కొట్టి వెతికాను.

మూడు వందల పేజీల్లో ఆ పేరు ఒక్కసారే ఉంది. మొదటి పేజీలో. ఎల్లెన్‌ను పాతిపెట్టి పదమూడేళ్ళయినా ఆ తల్లి ఇంకా సమాధి మీద గడ్డి పీకుతూనే ఉంది అని.

"ఉందా పిల్ల?" అంది పెద్దమ్మ.

నేను సరుకు బాగాలేకపోతే బాగాలేదని మొహం మీదే చెప్పే రకం. అబద్ధం నా నోట పలకదని మా అమ్మే సాక్ష్యం చెబుతుంది. అలాంటిది, "ఉంది పెద్దమ్మా. పుస్తకం ఇంకా పూర్తిగా దిగలేదు. టాబ్లెట్ నా దగ్గర ఉంచు, సోమవారం నేనే మీ ఇంటికొస్తా" అన్నాను. ఆమె అక్కడే కళ్ళు మూసుకుని ఆ పుస్తకం క్షేమంగా దిగాలని ప్రార్థన చేసుకుని వెళ్ళింది. ఉంటల డబ్బా వైపు చూడడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

ఆదివారం మధ్యాహ్నం సెంటరు మూసి, మేడ మీద కూర్చుని మొదటి భాగం చదివాను. తొమ్మిదో అధ్యాయంలో జ్వరం వచ్చింది. నాలుగు పేజీల తరవాత, గాలివానకు పడవ రాక, డాక్టరు రాక, ఆ పిల్ల తెల్లవారుజామున చచ్చిపోయింది. అక్కడ పసుపు గీత ఉంది. దాని కింద పెదనాయన రాసింది ఉంది.

"ఇక్కడ పిల్ల పోయింది. చదవలేకపోయినా. జ్వరం తగ్గిందని చెప్పినా. ఇక మీద గుర్తు పెట్టుకోవాల."

తరవాతి పేజీలో ఇంకోటి: "ఇక్కడ తల్లి ఏడుస్తా ఉంది. సంతోషానికి ఏడ్చిందని చెప్పినా."

అక్కణ్ణుంచి గుర్తుల మీద గుర్తులు. "ఎల్లెన్‌కు ఏడేండ్లు వచ్చినాయి. ఎడమచేతి వాటం. చేపలు తినదు." "బడిలో వేసినా. పలక కొనిచ్చినా, మన ఊరిదే. రాహేలు సంతోషపడింది." "జడ వేయడం తల్లికి సరిగా రాదన్నా. రాహేలు నవ్వింది. చాన్నాళ్ళకు నవ్వింది." రెండో భాగానికి వచ్చేసరికి పుస్తకంలో ఉన్నదాని కన్నా ఆయన రాసుకున్నదే ఎక్కువ. పుస్తకంలో ఆ దీవి మీద వాళ్ళు చేపలు పడుతున్నారు, పోట్లాడుకుంటున్నారు. వాళ్ళ మధ్య ఒక పిల్ల పెరుగుతోంది, కిందనున్న గుర్తుల్లో.

రెండో భాగం ఆఖరి పేజీలో ఆఖరి గుర్తు ఉంది. "మూడో భాగం కొంటే పిల్లకు పెండ్లి చేయాల. అది ఎట్ల చేస్తారో నాకు తెలవదు. ఫెబీకి చేసి ఉంటే తెలిసేది. రేటు దిగలేదని చెప్తా."

నాకు దుఃఖం ఆగలేదు. కాసేపు ఏడ్చాను. ఆ తరవాత నా కోపం నాకు వచ్చింది. ఏమయ్యా పెదనాయనా, పదమూడేళ్ళు పెంచావు, పెండ్లి ఈడుకు తెచ్చావు, తీరా పెండ్లి పెట్టుకోవాల్సి వచ్చేసరికి నా నెత్తిన పడేసి పోయావా అని మేడ మీద ఒక్కదాన్నే తిట్టాను. పిసినారి అన్నందుకు చెంపలు కూడా వేసుకున్నాను. నెలనెలా అన్ని దేశాల రేట్లు చూసింది కొనడానికి కాదని, కొనకుండా ఉండడానికని, నాలాంటి బేరగత్తెకు ఎలా తెలుస్తుంది?

పోయి నిజం చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే ఆమెకు రెండోసారి పిల్ల పోయినట్టు. చెప్పకపోతే నేను ఆ పిల్లకు సంబంధం చూడాలి. నాకేమో ఒక చిట్టి కథ చెప్పడం కూడా రాదు.

సోమవారం సాయంత్రం ఫ్యాక్టరీ వెనక కాలనీలో వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మ చాప వేసి, దిండు పెట్టి సిద్ధంగా ఉంది. ఆయన కూర్చునే కుర్చీ నాకు వేసింది. ప్రార్థన చేసింది. నేను పుస్తకం తెరిచి, సమాధి ఉన్న పేజీ మీద కళ్ళు పెట్టి, "ఎల్లెన్ పొద్దున్నే లేచి చేపల కూర వండింది" అన్నాను.

"చేపలు తినదు గదా అది?"

మొదటి వాక్యానికే దొరికిపోయాను.

"వండింది పెద్దమ్మా. తినలేదు. వాళ్ళ నాయనకు పెట్టింది."

"అట్ల చెప్పు. కంగారు పడబాక, నిదానంగా చదువు."

ఆ రోజు నుంచి నేనూ ఆయన గుర్తుల కింద రాసుకోవడం మొదలుపెట్టాను. చేపలు వండుతుంది, తినదు. కుడిచేత్తో రాసిందని నోరు జారితే ఆమె ఆపింది. "మా ఫెబీది గూడా ఎడమ చెయ్యే. ఆయన కుడిచేతికి మార్చాలని చూస్తే నేనే వద్దన్నా." అదీ రాసుకున్నాను. పుస్తకంలో ఆ దీవికి ఒక బడిపంతులు వస్తాడు. ఎవర్నీ చేసుకోకుండానే వెళ్ళిపోతాడు పాపం. అతన్ని నేను ఎల్లెన్‌కు చూశాను. పెద్దమ్మ ఊరికే ఒప్పుకుంటుందా? తాగుతాడా, చర్చికి పోతాడా, తల్లి నోరు మంచిదేనా, పిల్లను పనికి పంపుతాడా ఇంట్లో కూర్చోబెడతాడా, అన్నీ అడిగింది. మూడు వారాలు నా చేత పిల్లవాడి గురించి వాకబు చేయించింది. సెంటరులో హాల్ టికెట్లు తీస్తూ ఆ పిల్లవాడి తల్లికి ఏం గుణం పెట్టాలా అని ఆలోచిస్తున్నానంటే చూడండి. ఆ నెల నా చేత మాట పడిన వాళ్ళు తక్కువని మా నాయన అన్నాడు.

ఈస్టరు అయిన వారం పెండ్లి చేశాను. చిన్న చర్చి, సముద్రం గాలి, తెల్లబట్టలు. దీవిలో ఉన్న పదహారు ఇండ్ల వాళ్ళూ వచ్చారు. పెద్దమ్మ చాప మీద లేచి కూర్చుంది.

"వాళ్ళ నాయన ఉన్నాడా పెండ్లికి?" అంది.

పుస్తకంలో లేడు. నూట పదో పేజీలోనే సముద్రం తీసుకుపోయింది అతన్ని. నేను తల ఎత్తలేదు.

"ఉన్నాడు పెద్దమ్మా. ఆయనే చెయ్యి పట్టుకొని నడిపించుకుపోయినాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. పంతులు చేతిలో చెయ్యి పెట్టినాక, మా పిల్ల చేపలు తినదు, గుర్తు పెట్టుకో నాయనా, అన్నాడు."

పెద్దమ్మ ఏడ్చింది. నవ్వు ముఖంతోనే ఏడ్చింది. నేను టాబ్లెట్ మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల నుంచి చెనక్కాయ ఉంటలు తెచ్చి, పెండ్లి ఉంటలు తినమని నా చేతిలో రెండు పెట్టింది. ఈసారి తిన్నాను.

"ఐర్లాండు అంగట్లో కొన్నానన్నావు గదా అమ్మాయ్," అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "వేరే దేశం అంగట్లో కొని ఉంటే గూడా ఈ పుస్తకం ఇట్లనే ఉండేదా?"

నాలుక మీదికి వచ్చిన అబద్ధం ఈసారి కదల్లేదు.

"లేదు పెద్దమ్మా. ఇట్ల మన మార్కాపురంలో తప్ప ఇంకెక్కడా దొరకదు."

ఆమె తల ఊపింది. టాబ్లెట్ నా ఒళ్ళోంచి తీసుకుని, అద్దం తుడిచి, మళ్ళీ నాకే ఇచ్చింది.

"రేపటి నుంచి మొదటి భాగం చదువు. ఆ పిల్లకు జ్వరం వచ్చిన కాడ ఆయన నీళ్ళు తాగొస్తానని లేచి పోయినాడు. పావుగంటకు గానీ రాలే. ముఖం కడుక్కొని వచ్చినాడు. నువ్వు లేవబాక. నేను పక్కనే ఉంటా, కూర్చొని చదువు."

నేను టాబ్లెట్‌లో మొదటి భాగం తెరిచాను.

"జ్వరం తగ్గుతుంది కదా పెద్దమ్మా," అన్నాను.

"తగ్గుతాది," అంది. "ఆయన తగ్గించినాడు గదా."